కరివేపాకు పేరులో నిలిచిన వైద్యుడు.. కాకినాడలో కన్నుమూసిన కోనిగ్

సూరత్ కూరగాయల బజారులో కరివేపాకు కావాలంటే మీఠో లీమ్డో అని అడగాలి. గుజరాతీలో ఆ మాటకు తీపి వేప అని అర్థం. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి దశాబ్దాలుగా ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు బజారులో ఆ పేరే వాడతాయి, వంటింట్లోకి రాగానే మళ్లీ కరివేపాకు అంటాయి. తెలుగులో కరివేప, కన్నడంలో కరిబేవు, తమిళంలో కరివేప్పిలై, హిందీలో మీఠా నీమ్. భాష ఏదైనా ఈ చెట్టును మనవారు వేపతోనే పోల్చారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మాత్రం వేపను తలచదు. ముర్రయా కోనిగీ అనే ఆ పేరులో ఇద్దరు మనుషులు ఉన్నారు.

వారిలో రెండో వ్యక్తి యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. జర్మన్ కుటుంబంలో పుట్టి, స్వీడన్‌లో చదివి, డెన్మార్క్ ఓడలో భారతదేశానికి వచ్చిన వైద్యుడు ఆయన. దాదాపు పదిహేడేళ్లు ఇక్కడి మొక్కలను, పురుగులను పరిశీలించి 1785 జూన్ 26న కాకినాడలోని జగన్నాథపురంలో తుదిశ్వాస విడిచారు. ఆధునిక పద్ధతిలో భారతీయ వృక్షజాతుల అధ్యయనానికి తొలి బాట వేసినవారిలో ఆయన ఒకరు. అయినా ఆయన పేరుతో గ్రంథాలయంలో వెదికితే పెద్ద పుస్తకం ఒక్కటీ కనిపించదు. కూరలో కరివేపాకు అనే మన నానుడి ఆ మొక్కకు పేరిచ్చిన మనిషికీ వర్తించింది.

మందుల తయారీ నుంచి మొక్కల వైపు

కోనిగ్ 1728 నవంబరు 29న లివోనియా ప్రాంతంలోని క్రాయిట్స్‌బర్గ్ సమీపంలో జన్మించారు. అప్పుడు పోలండ్ పాలనలో ఉన్న ఆ ఊరు నేడు లాత్వియాలో క్రుస్ట్‌పిల్స్ పేరుతో ఉంది. బాల్టిక్ సముద్ర తీర ప్రాంతాలలో తరతరాలుగా నివసించిన జర్మన్ భాషా సమాజానికి చెందినవారాయన.

ఆయన మొదట నేర్చుకున్న విద్య ఔషధాల తయారీ. ఆ రోజుల్లో మందులు తయారు చేసేవారికి మొక్కను గుర్తుపట్టడం ఎంత అవసరమో, దాని నుంచి సారాన్ని తీయడం కూడా అంతే అవసరం. అందుకే 18వ శతాబ్దపు జర్మన్ విశ్వవిద్యాలయాలలో వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం వైద్యవిద్యకు అనుబంధంగా ఉండేవి. రెండింటినీ ఒకే ఆచార్యుడు బోధించడం మామూలు. కోనిగ్ ఆచార్య పదవిని అందుకోలేదు. కానీ ఆ రెండు శాస్త్రాలు కలిసి నడిచిన సంప్రదాయంలోనే ఆయన తయారయ్యారు.

1757లో ఆయన స్వీడన్‌లోని ఉప్సాలాలో కార్ల్ లిన్నేయస్ వద్ద శిష్యరికం చేశారు. ప్రతి మొక్కకూ రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతిని లిన్నేయస్ 1753లో వెలువరించిన గ్రంథంతో స్థిరపరిచారు. మొదటి మాట ప్రజాతిని, రెండో మాట జాతిని తెలుపుతుంది. దానికి ముందు ఒక్కో మొక్కను గుర్తించడానికి ఒక వాక్యమంత వర్ణన రాయవలసి వచ్చేది. కొత్త పద్ధతి ప్రపంచానికంతటికీ సరిపోతుందని నిరూపించాలంటే దూరదేశాల మొక్కలు కావాలి. అందుకే లిన్నేయస్ శిష్యులు ఓడలెక్కి ఖండాలు దాటారు. కొందరు తిరిగి రాలేదు.

కోనిగ్ 1759 నుంచి డెన్మార్క్‌లో ఉన్నారు. ఆ రాజ్యంలోని మొక్కలన్నింటినీ చిత్రాలతో ప్రచురించే బృహత్ ప్రణాళిక ఫ్లోరా డానికా 1761లో మొదలైంది. దాని కోసం ఆయన ఐస్‌లాండ్ వెళ్లి మొక్కలను సేకరించారు. అక్కడ దొరికిన వాటిలో వేలెడంత ఎత్తు కూడా పెరగని ఒక చిన్న మొక్క ఉంది. 1767లో లిన్నేయస్ దానికి కోనిగియా ఐస్‌లాండికా అని పేరు పెట్టి శిష్యుడిని గౌరవించారు. ధ్రువ ప్రాంతాల చలిలో బతికే ఆ మొక్క మన హిమాలయాల ఎత్తైన చోట్ల కూడా కనిపిస్తుంది. ఆ ఏడాదే కోనిగ్ భారతదేశానికి బయలుదేరారు.

తరంగంబాడిలో వైద్యం

ఆయన చేరిన ఊరు నేటి తమిళనాడులోని తరంగంబాడి. యూరోపియన్లు దానిని ట్రాంకెబార్ అనేవారు. 1620 నుంచి అది డెన్మార్క్ వర్తక స్థావరం. 1706లో జర్మనీలోని హాలె నగరంతో సంబంధం ఉన్న ప్రొటెస్టెంట్ మతబోధకులు అక్కడ అడుగుపెట్టారు. ఈ హాలె పేరు తెలుగువారికి కొత్తది కాదు. తరంగంబాడిలోనూ మద్రాసులోనూ పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను 1746, 1747 సంవత్సరాలలో అచ్చు వేయించినది ఆ నగరంలోనే. తెలుగు అచ్చు చరిత్ర మొదలయ్యేది వాటితోనే.

1768లో తరంగంబాడి చేరిన కోనిగ్ ఆ మిషన్‌కు వైద్యుడు. రోగులకు మందులు కావాలి, యూరప్ నుంచి ఓడలో మందులు రావడానికి నెలలు పడుతుంది. కనుక స్థానిక వైద్యంలో వాడే మూలికలను తెలుసుకోవడం ఆయనకు వృత్తి ధర్మం కూడా అయింది. వైద్యం చేస్తూనే మొక్కలను సేకరించి, ఎండబెట్టి, వర్ణన రాసి లిన్నేయస్‌కు పంపసాగారు. తోటి మతబోధకులకు కూడా ఈ పని నేర్పారు. ఆయన వెలిగించిన ఆసక్తితో క్రిస్టోఫ్ సామ్యూల్ జాన్, యోహాన్ పీటర్ రాట్లర్ వంటివారు వృక్ష సేకరణలో దిగారు. తరువాతి కాలంలో దక్షిణ భారతదేశంలోని వేర్వేరు ఊళ్ల నుంచి నమూనాలను ఒకరికొకరు పంపుకుంటూ, పేర్లను సరిచూసుకుంటూ వారు ఒక పరిశీలక బృందంగా ఏర్పడ్డారు. ఈ రాట్లర్ తమిళ నిఘంటుకారుడిగా కూడా ప్రసిద్ధుడు.

1771లో లిన్నేయస్ వెలువరించిన అనుబంధ గ్రంథంలో కరివేప చెట్టుకు బెర్గెరా కోనిగీ అనే పేరు వచ్చింది. ఆ గ్రంథంలోనే ముర్రయా అనే మరో ప్రజాతి పేరు కూడా ఉంది. ఉత్తరాదిన కామినీ అని పిలిచే తెల్లని సువాసన పూల తోటమొక్క అందులోనిది. లిన్నేయస్ మరో శిష్యుడు, జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, అక్కడి వృక్షోద్యానానికి అధిపతి అయిన యోహాన్ ఆండ్రియాస్ ముర్రే గౌరవార్థం ఆ పేరును సూచించినది కోనిగే.

చెదపుట్ట పక్కన ఒక కుండ

కోనిగ్ దృష్టి మొక్కల వద్దే ఆగలేదు. తంజావూరు ప్రాంతంలో తిరిగినప్పుడు ఆయనను చెదలు ఆకర్షించాయి. పుట్టల నిర్మాణాన్ని, వాటిలో రాణి చెదను, కూలి చెదలను పరిశీలించి రాసిన సచిత్ర వ్యాసం 1779లో బెర్లిన్‌లోని ప్రకృతి పరిశీలకుల సంఘం ద్వారా వెలువడింది. చెదల జీవితంపై వచ్చిన తొలి శాస్త్రీయ రచనలలో అది ఒకటి.

రెక్కలు వచ్చిన చెదలను మనం ఉసిళ్లు అంటాం. వానలకు పుట్టల నుంచి వెలువడే ఉసిళ్లను పట్టి వేయించుకు తినడం మన పల్లెల్లో ఇప్పటికీ చాలామందికి తెలుసు. కోనిగ్‌కు ఇది అబ్బురం కలిగించింది. ఆయన దానిని వెక్కిరించలేదు, పనిని పనిగా వర్ణించారు. పుట్టకు రెండు వైపులా రెండు కన్నాలు చేస్తారు. గాలి వచ్చే వైపు కన్నం దగ్గర ఘాటైన పొగ పెడతారు. రెండో వైపు కన్నానికి కుండ మూతిని ఆనిస్తారు. పొగకు ఉసిళ్లు కుండలోకి వచ్చి పడతాయి. ఒక్కోసారి వాటితోపాటు నాగుపాము కూడా వస్తుంది కనుక కుండ తీసేటప్పుడు జాగ్రత్త పడాలి. పట్టిన ఉసిళ్లను పిండితో కలిపి తినుబండారాలు చేసి పేదలకు చవకగా అమ్ముతారు. అవి అతిగా తింటే కడుపునొప్పి, విరేచనాలు వచ్చి ప్రాణం మీదికి వస్తుందని కూడా వైద్యుడిగా ఆయన గమనించారు.

ఈ వర్ణనలో మరొక వివరం ఉంది. కుండను ఆనించే ముందు దాని లోపలంతా ఒక సువాసన గల ఆకుతో రుద్దుతారు. అది తన పేరే పెట్టుకున్న కరివేపాకు. ఎవరు ఏ మొక్కను దేనికి వాడుతున్నారో నేల మీద కూర్చుని చూసినవారికే ఇలాంటి సంగతి తెలుస్తుంది. ఉప్సాలాలోనో గోటింగెన్‌లోనో ఎండిన కొమ్మను పరిశీలించేవారికి తెలియదు. కుండ పట్టినవారి పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి

మొక్కల వేటకు మిషన్ జీతం చాలలేదు. 1770ల తొలి సంవత్సరాలలో కోనిగ్ ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా చేరారు. వేలూరు, ఆంబూరు పరిసర కొండలలో తిరిగారు. అయితే ఆ నవాబు అప్పులు అప్పట్లో లండన్ పార్లమెంటు దాకా చర్చకు వచ్చేంత పెద్దవి. అలాంటి దర్బారులో పరిశోధనకు నిలకడైన ఆధారం దొరకదు.

1778లో ఆయనను మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తన ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించుకుంది. కంపెనీ అవసరం జ్ఞానం కాదు, వ్యాపారం. రంగులిచ్చే మొక్కలు, బంకలు, సుగంధ ద్రవ్యాలు, మందులు, ఖనిజాలు ఎక్కడ దొరుకుతాయో, వాటిలో దేనికి సంతలో విలువ ఉందో చెప్పగలవాడు కావాలి. మందుల తయారీ తెలిసిన వృక్షశాస్త్రవేత్త ఆ పనికి సరిగ్గా సరిపోయారు. భారతదేశంలో కంపెనీ జీతంతో పనిచేసిన తొలి ప్రకృతి శాస్త్రజ్ఞులలో ఆయన ఒకరయ్యారు.

ఆ ఏడాది ఆగస్టులో మద్రాసు నుంచి ఓడలో సయాం, మలక్కాలకు ప్రయాణమయ్యారు. సయాం అంటే నేటి థాయ్‌లాండ్. పాత రాజధాని అయుత్థయ 1767లో బర్మా సేనల చేతిలో నాశనమైంది. తాక్సిన్ రాజు థోన్‌బురి నుంచి దేశాన్ని మళ్లీ కూడగడుతున్న కాలమది. ఆ సంక్షోభం మధ్యనే కోనిగ్ అడవులూ తీరాలూ తిరిగి, రోజువారీ చూసినదంతా దినచర్యగా రాసుకున్నారు. 1780లో భారతదేశానికి తిరిగివచ్చారు.

ఈ యాత్రలో ఆయన ఎక్కువగా పట్టించుకున్నది అల్లం, పసుపు, ఏలకుల కుటుంబాన్ని. పూలు సున్నితమైనవి కనుక ఎండబెడితే వాటి ఆకారం పోతుంది. చెట్టు దగ్గరే, పచ్చిగా ఉన్నప్పుడే చూసి రాయాలి. కోనిగ్ వర్ణనలకు విలువ వచ్చింది అందుకే. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రెట్జియస్ 1783లో వాటిని తన గ్రంథమాలలో అచ్చు వేశారు. హెడీకియం కొరొనేరియం అనే తెల్లని సువాసన పూల అల్లంజాతి మొక్కకు శాస్త్రీయ నామం దక్కినది ఆ పుటలలోనే. నేడు అది క్యూబా దేశపు జాతీయ పుష్పం. ఆర్కిడ్ల మీద కోనిగ్ రాసిన వర్ణనలు కూడా రెట్జియస్ గ్రంథమాలలోనే వెలువడ్డాయి. అప్పటికి 1791 వచ్చింది. రచయిత మరణించి ఆరేళ్లయింది.

గోదావరి తీరంలో చివరి రోజులు

కోనిగ్ చివరి అధ్యాయం తెలుగు నేల మీద నడిచింది. 1784లో ఆయన కలకత్తా ప్రయాణమై తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి వచ్చారు. విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుణ్ణి కలిశారు. రసెల్ గతంలో సిరియాలోని అలెప్పోలో పనిచేశారు. తరువాతి కాలంలో ఆయన మన తీరంలోని పాములను పరిశీలించి 1796లో గ్రంథం ప్రచురించారు. రక్తపింజరకు ఇంగ్లీషులో రసెల్ పేరు రావడానికి అదే కారణం. ఆ పాముకు కాటుక రేకుల పొడ అనే తెలుగు పేరును కూడా ఆయన ఆ గ్రంథంలో నమోదు చేశారు.

1785లో కోనిగ్‌కు విరేచనాల వ్యాధి సోకింది. క్లోరిన్ నీళ్లు, సూక్ష్మజీవుల సిద్ధాంతం, సెలైన్ ఏవీ లేని కాలమది. ఆ రోగం సైనికులనూ వర్తకులనూ ఒకే తీరున పొట్టన పెట్టుకునేది. ఆయన ఆగిన చోటు జగన్నాథపురం, అప్పటికి డచ్చివారి వర్తక కేంద్రంగా పేరున్న రేవు. కొద్ది మైళ్ల దూరంలోని సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ కంపెనీ సైనిక వైద్యుడిగా ఉన్నారు. 1776లో మద్రాసుకు వచ్చిన రాక్స్‌బర్గ్‌కు కోనిగ్‌తో పరిచయం ఉంది. ఆయనే వచ్చి చికిత్స చేశారు. ఫలితం లేకపోయింది. జూన్ 26న కోనిగ్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 56 ఏళ్లు.

జీవితకాలం రాసిన కాగితాలన్నింటినీ ఆయన లండన్‌లోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు అప్పగిస్తూ వీలునామా రాశారు. బ్యాంక్స్ అప్పటికి రాయల్ సొసైటీ అధ్యక్షుడు.

ఆయన పని ఎవరి చేతుల్లో నిలిచింది

కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి ఉద్యోగం కోనిగ్ తరువాత పాట్రిక్ రసెల్‌కు దక్కింది, రసెల్ వెళ్లిపోయాక రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ తోట పెంచారు, మిరియాలు సాగు చేయించారు, భారతీయ చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించారు. ఆ కృషి నుంచి 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో కోరమాండల్ తీర వృక్షగ్రంథం లండన్‌లో వెలువడింది. దాని ప్రచురణను పర్యవేక్షించినది బ్యాంక్స్. ఆ గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. సోమిద చెట్టు బెరడు జ్వరాలకు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ రాశారు. తరువాత ఆ తెలుగు పేరే సోయ్‌మిడా అనే ప్రజాతి నామమై లాటిన్‌లో స్థిరపడింది.

కోనిగ్ సేకరించిన పురుగులను జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫాబ్రీసియస్ తన కీటక గ్రంథాలలో వర్ణించారు. మొక్కలను లిన్నేయస్, ఆయన కుమారుడు, రెట్జియస్ వర్ణించారు. ఎండిన నమూనాలు లండన్, కోపెన్‌హాగన్, లుండ్ సంగ్రహాలకు చేరాయి. సయాం యాత్రా దినచర్య బ్రిటిష్ మ్యూజియంలో పడి ఉండి, 1894లో సింగపూర్‌లోని ఆసియాటిక్ సొసైటీ శాఖ పత్రికలో ఇంగ్లీషు అనువాదంగా వెలుగు చూసింది. రాసిన చేయి నిశ్చలమై అప్పటికి 109 ఏళ్లు.

దీన్ని కేవలం దొంగతనంగా చూడలేం. ఆ కాలపు శాస్త్రం అలాగే నడిచేది. ఎండలో నడిచి సేకరించేవారు ఒకరు, చల్లని గదిలో కూర్చుని పేరు పెట్టేవారు మరొకరు. పేరు ప్రచురించినవారికే గుర్తింపు. ముర్రయా అనే పేరు పక్కన ఈనాటికీ వృక్షశాస్త్రజ్ఞులు కోనిగ్, లిన్నేయస్ ఇద్దరి పేర్లనూ రాస్తారు. సూచించినవారు మొదట, ప్రచురించినవారు తరువాత. ఆ చిన్న ఆనవాయితీలో ఒక న్యాయం ఉంది. అయితే కోనిగ్‌కు అంత న్యాయం కూడా దక్కింది కానీ, మూలికలు చూపిన స్థానిక వైద్యులకు, ఉసిళ్ల కుండ పట్టిన పల్లెవారికి అది దక్కలేదు.

1825లో హాలె విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు కుర్ట్ స్ప్రెంగెల్ కరివేపను బెర్గెరా నుంచి ముర్రయాకు మార్చారు. ఆ విధంగా కోనిగ్ మరొకరి కోసం సూచించిన పేరూ, గురువు ఆయనకిచ్చిన పేరూ ఒకే చెట్టు మీద కలిశాయి. 1960లలో కలకత్తా రసాయన శాస్త్రవేత్తలు ఈ చెట్టు బెరడు నుంచి ఒక కొత్త ఆల్కలాయిడ్‌ను వేరుచేసి ముర్రయానిన్ అన్నారు. అదే చెట్టు నుంచి తీసిన మరొక పదార్థానికి కోనిజిన్ అనే పేరు వచ్చింది. మందుల తయారీతో జీవితం మొదలుపెట్టిన మనిషి పేరు ఆ రకంగా రసాయనశాస్త్రంలోకి కూడా ప్రవేశించింది.

ఇటీవలి జన్యు పరిశీలనలు కరివేప వంశాన్ని మళ్లీ సరిచూశాయి. వేపతో దానికి దగ్గర చుట్టరికం లేదు, నిమ్మ, మారేడు, వెలగల కుటుంబం దానిది. ముర్రయా జాతులతో కూడా అది సరిగ్గా ఇమడదని తేలడంతో అనేకమంది శాస్త్రజ్ఞులు పాత బెర్గెరా పేరుకే తిరిగి వెళ్తున్నారు. గోటింగెన్ ఆచార్యుడి పేరు తొలగిపోవచ్చు. నామకరణ నియమాల ప్రకారం రెండో మాట మారదు. సూరత్‌లో మీఠో లీమ్డో అయినా, కాకినాడలో కరివేపాకు అయినా, ఆ రెమ్మ శాస్త్రీయ నామంలో జగన్నాథపురంలో ప్రాణం విడిచిన వైద్యుడి పేరు అలాగే ఉంటుంది.